కొత్తగా తెచ్చుకున్న పిల్లిపిల్ల ఆరోగ్యం: గోదావరి డెల్టా వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు గేదె మేత ముట్టకపోతే ఆ పూటే పశువుల డాక్టర్‌కి కబురు వెళ్తుంది. పందెం కోడికి బాదంపప్పు కూడా పెడతాం. పిల్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దాని బతుకు అదే బతుకుతుందిలే" అనేస్తాం. ఆ మాట వల్లే ఏటా ఎన్నో పిల్లిపిల్లలు చనిపోతున్నాయి. వాటి ప్రాణం తీసేవాటిలో చాలా జబ్బులకు టీకా ఉంది, లేదా ఒక చిన్న జాగ్రత్త సరిపోతుంది. భీమవరం, అమలాపురం, నరసాపురం, రాజమండ్రి వైపు కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. పిల్లిపిల్లకు మోతాదు దాని బరువును బట్టి డాక్టర్ చెప్పాల్సిందే.

పిల్లిపిల్ల నిన్ననే ఇంటికి వచ్చిందండి. ముందు ఏం చేయాలి?

రెండు మూడు రోజుల్లో డాక్టర్‌కి చూపించండి. జబ్బు చేసేదాకా ఆగొద్దు. బరువు తూచి, చిగుళ్ల రంగు, కళ్లు, చెవులు, చర్మం, పొట్ట చూసి ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. ఆ రోజు ఉదయం వేసిన మలం కొంచెం మూత ఉన్న డబ్బాలో పట్టుకెళ్తే పరీక్ష చేసి కడుపులో ఏ పురుగులున్నాయో చూడవచ్చు.

బండి మీద చేతుల్లో పట్టుకుని మాత్రం తీసుకెళ్లకండి. లారీ హారన్‌కి బెదిరి దూకితే మళ్లీ దొరకదు. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పాత తువ్వాలు పరిచి, మూత తాడుతో కట్టండి.

ఇంట్లో ఇప్పటికే పిల్లి ఉంటే కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. పైకి హుషారుగా కనిపించే పిల్ల కూడా లోపల జబ్బు మోసుకొస్తుంది.

గడ్డిమేటులో పిల్లలు కనిపించాయి, తల్లి లేదు. తెచ్చేయొచ్చా?

వెంటనే తీయకండి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. తల్లి మేతకి వెళ్లి ఉండొచ్చు, ఒక్కొక్కదాన్నీ చోటు మారుస్తూ ఉండొచ్చు. దూరంగా ఉండి కొన్ని గంటలు చూడండి. వాన, కుక్కలు, చీమల వల్ల ప్రాణం మీదికొచ్చేలా ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

తల్లి రాకపోతే ముందు వయసు అంచనా వేయాలి. కళ్లు ఇంకా తెరవకపోతే వారం, పది రోజుల లోపు పిల్ల. ముందు పళ్లు మూడు, నాలుగు వారాలకు వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండి, వారానికి దాదాపు 100 గ్రాముల చొప్పున పెరుగుతుంది. కాబట్టి నెల పిల్ల అర కేజీకి దగ్గరలో ఉండాలి. వంటింటి తూకం ఉంటే రోజూ తూచి రాసుకోండి. బరువు ఆగిపోయిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

నాలుగు వారాల లోపు పిల్ల చల్లబడి ఉంటే పాల కంటే ముందు వెచ్చదనం కావాలి. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు పాలు పడితే అరగవు. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకు విరేచనాలు తెస్తాయి, గేదెపాలు మరీ చిక్కన. పిల్లి పిల్లల కోసమే పాలపొడి దొరుకుతుంది, అది వాడండి. పాలు పట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లా ఉంచి పట్టాలి. ఇంత చిన్న పిల్లలు సొంతంగా మూత్రం పోయలేవు. తల్లి నాకినట్టు, పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా రుద్దాలి. ఇది తెలియకే చాలామంది పిల్లల్ని పోగొట్టుకుంటారు.

ఏ టీకాలు వేయించాలి? ఎప్పుడు?

ముఖ్యమైనవి రెండు. మొదటిది మూడు జబ్బులకు కలిపి వేసేది. దుకాణాల్లో, క్లినిక్‌లలో ట్రైక్యాట్ అంటే అర్థమవుతుంది. అందులో పాన్‌ల్యూకోపీనియా, క్యాలిసివైరస్, పిల్లుల్లో జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి వేస్తూ 16 వారాలు నిండేదాకా కొనసాగించాలి. తర్వాత ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో ఒక బూస్టర్.

రెండోది రేబిస్ టీకా. మూడు నెలలు నిండాక వేస్తారు, ఏడాదికి మళ్లీ వేయించాలి. మన దేశంలో ఏటా వేయించడమే వాడుక.

మొదటి టీకా అడ్డుకునే మూడు జబ్బుల్లో పాన్‌ల్యూకోపీనియా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లిపిల్లల్ని గుంపుగా చంపేది ఇదే. కుక్కల్లో వచ్చే పార్వో కుటుంబానికి చెందిన వైరస్ ఇది. నిన్న ఆడుకున్న పిల్ల ఇవాళ మూలన ముడుచుకుంటుంది, నీళ్ల గిన్నె మీద తల వాల్చి తాగకుండా కూర్చుంటుంది, వాంతులు, విరేచనాలు, జ్వరం. రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. చాలామంది "ఎవరో మందు పెట్టారు" అని పక్కింటివాళ్ల మీద అనుమానపడతారు, అసలు కారణం ఈ వైరసే అయి ఉంటుంది. వైరస్ ఇంట్లో, పెరట్లో ఏడాది దాకా బతకగలదు. కాబట్టి ఇంతకుముందు ఒక పిల్ల ఇలా చనిపోయిన ఇంటికి టీకా పూర్తికాని కొత్త పిల్లని తేవద్దు. ఫినాయిల్‌తో ఈ వైరస్ పోతుందని నమ్మలేం, పైగా ఫినాయిల్ పిల్లులకు విషం. పాదాలకు అంటుకున్నది నాకి కడుపులోకి పంపుకుంటాయి. బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, బాగా ఆరాకే పిల్లిని వదలండి.

ఒక్క సూది వేయించాం. సరిపోదా?

సరిపోదు. పుట్టిన వెంటనే తాగిన తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకాని కూడా పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గుతుంది, ఇంకో పిల్లలో 14, 15 వారాలదాకా ఉంటుంది. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి కనిపించదు. అందుకే వరసగా వేస్తారు. 16 వారాలు నిండాక వేసే చివరి డోసే అన్నిటికంటే ముఖ్యమైనది, మనవాళ్లు ఎక్కువగా మానేసేది కూడా అదే. ఒక డోసు ఆలస్యమైతే వదిలేయకండి. డాక్టర్‌కి చెబితే అక్కడి నుంచి ఎలా కొనసాగించాలో చూస్తారు.

మా పిల్లి గడప దాటదండి. టీకా ఎందుకు?

పాన్‌ల్యూకోపీనియా వైరస్ మీ చెప్పులతో లోపలికి వస్తుంది. పెంకుటిళ్లలో అటక మీదికి వీధి పిల్లులు దిగుతాయి. రేబిస్ ఉన్న కుక్క వరండాలోకి రావడానికి ఎవరి అనుమతీ అడగదు.

టీకా ఎక్కడ దొరుకుతుంది?

మండలాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా గురించి అడగండి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా వేసిన జూలై 6ను ఏటా జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినంగా జరుపుతారు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు జంతువులకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు, ముందే కనుక్కుని వెళ్లండి. మూడు జబ్బుల టీకా మాత్రం పాడి పశువులు ఎక్కువగా వచ్చే ఆసుపత్రుల్లో అన్నిచోట్లా ఉండదు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో పెట్ క్లినిక్‌లకు ఫోన్ చేసి, ఉందని చెప్పాకే బయలుదేరండి. పెద్ద సమస్య అయితే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గరలో ఉంది.

మందుల షాపులో టీకా కొని ఎవరితోనో వేయించుకునేవాళ్లకి ఒక మాట. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే పనిచేస్తుంది. మే నెల ఎండలో జేబులో పెట్టుకుని తెచ్చిన సీసాలో ఉన్నది వట్టి నీళ్లతో సమానం. డాక్టర్ ఫ్రిజ్‌లోంచి తీసి వేసిందే నమ్మకం. సీసా మీది స్టిక్కర్‌ను కార్డుకి అంటించమని అడిగి తీసుకోండి.

టీకా వేయించాక పిల్ల మందకొడిగా ఉంది. టెన్షన్ పడాలా?

ఒక రోజు నిద్రపోతూ, కాస్త తక్కువ తింటే ఫర్వాలేదు. మొహం వాచినా, పదేపదే వాంతులైనా, ఊపిరి అందకపోయినా వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. సూది వేసిన చోట చిన్న గడ్డ వస్తే కొన్ని వారాల్లో కరుగుతుంది. మూడు నెలలు దాటినా ఉన్నా, రెండు సెంటీమీటర్లు మించినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా చూపించాలి.

నట్టల మందు ఎన్నిసార్లు వేయాలి?

పుట్టిన రెండు, మూడు వారాల నుంచే మొదలుపెట్టి ఎనిమిది వారాలదాకా రెండు వారాలకోసారి, అక్కడి నుంచి ఆరు నెలలదాకా నెలకోసారి. తర్వాత పిల్లి తిరిగే తీరును బట్టి మూడు నెలలకోసారి. ఇంత చిన్న పిల్లకెందుకని అడుగుతారు. ఏలికపాముల పిల్లలు తల్లిపాలలోంచే దిగుతాయి కాబట్టి. పొట్ట ఉబ్బి, వెన్ను బక్కగా ఉన్న పిల్లని చూసి "బాగా తింటోంది" అని మురిసిపోకండి.

మలద్వారం చుట్టూ బియ్యపు గింజంత ముక్కలు కదులుతూ కనిపిస్తే అవి బద్దెపురుగులు. వీటికి మందు వేరు, మామూలు నట్టల మందుతో పోవు. బద్దెపురుగు ఎక్కువగా ఒంటి మీద గెంతుతూ రక్తం తాగే ఫ్లీ పురుగుని మింగడం వల్ల వస్తుంది కాబట్టి రెండిటికీ ఒకేసారి మందు వేయాలి. తల్లినీ మరిచిపోవద్దు.

ఒంటినిండా పురుగులు. కుక్కల పౌడర్ చల్లొచ్చా? గేదెలకి కొట్టే మందు?

వద్దు, వద్దు. కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్‌ని పిల్లి కాలేయం అరిగించుకోలేదు. వణుకుడు, ఫిట్స్ వచ్చి చనిపోతుంది. గోమార్లకి గేదెల మీద వాడే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కూడా అదే జాతి. కర్పూరం, కిరోసిన్, కలరా ఉండలు కూడా పిల్లి దగ్గరికి తేవద్దు.

చిన్న పిల్లకైతే సన్న పళ్ల దువ్వెనతో దువ్వి, దొరికిన పురుగుల్ని సబ్బునీళ్లలో ముంచండి. ఎనిమిది వారాలు దాటాక పిల్లుల కోసమే తయారైన మందు డాక్టర్ రాస్తారు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఫ్లీ పురుగులు రక్తం తాగేసి చిన్న పిల్లని చంపగలవు. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగా ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గర ఉండాలి. పురుగు గుడ్లు పిల్లి మీద కంటే పరుపుల్లో, గోనెసంచుల్లో ఎక్కువ ఉంటాయి. వాటిని వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి.

చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి, ఆగకుండా గోక్కోవడం కనిపిస్తే అది చెవి గజ్జి. ఇంట్లోని నూనె పోయకుండా చూపించండి.

పిల్లికి జ్వరంగా ఉంది. ఇంట్లో చిన్నపిల్లలకి వేసే పారాసిటమాల్ సిరప్ రెండు చుక్కలు వేయొచ్చా?

ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. మన కాలేయంలో ఆ మందుని విరిచేసే పద్ధతి పిల్లి కాలేయంలో దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. 500 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర పెద్ద పిల్లికే ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకూడదు. ఎవరైనా అప్పటికే వేసేసి ఉంటే తిట్టుకుంటూ కూర్చోకుండా ఆ మందు సీసాతో సహా డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. మొదటి కొన్ని గంటల్లో విరుగుడు చికిత్సతో కాపాడే అవకాశం ఉంది.

ఏం పెట్టాలి? పెరుగన్నం, చేపలు చాలవా?

పిల్లి మాంసాహారి. పెరుగన్నం కడుపు నింపుతుంది గానీ పెరగనివ్వదు. గుండెకి, కంటికి అవసరమైన టారిన్ అనే పదార్థం మాంసంలోనే దొరుకుతుంది. వీలైతే పిల్లిపిల్లల ఆహారం, లేదా ఉప్పు, కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేపలు, గుడ్డు పెట్టి, లోటు ఎలా భర్తీ చేయాలో డాక్టర్‌ని అడగండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి కాబట్టి చేపల పులుసు వద్దు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ.

చేపలకి లోటు లేని సీమ మనది, అందుకే ఇంకో మాట. పచ్చి చేప అలవాటు చేయొద్దు. కొన్ని చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ముళ్లు తీసి పెట్టండి. పులస ముళ్లు మనకే కష్టం, పిల్లకి చెప్పనక్కర్లేదు.

పచ్చి కోడి వ్యర్థాలు అసలు వద్దు. 2025 ఫిబ్రవరిలో మన ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలిసిందే. ఆ వైరస్ పిల్లులకు సోకుతుంది, సోకితే చాలావరకు బతకవు. ఫారం దగ్గర పడేసిన చచ్చిన కోళ్లను పిల్లి తినకుండా చూడాలి.

పొలంలో ఎలుకల మందు పెట్టారు. పిల్లి ఎలుకని తింటే?

వరి పొలాల్లో పెట్టే బ్రొమాడియోలోన్ రక్తం గడ్డకట్టనివ్వదు. ఆ ఎలుకని తిన్న పిల్లిలో లక్షణాలు రెండు మూడు రోజుల తర్వాత గానీ బయటపడకపోవచ్చు, ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం, ఆయాసం. విటమిన్ కె1 దీనికి విరుగుడు, త్వరగా మొదలుపెడితే బతుకుతుంది. ఇంకో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్‌కి అలాంటి విరుగుడు లేదు. ఊళ్లో ఎలుకల నిర్మూలన జరిగే రోజుల్లో పిల్లిని ఇంట్లో కట్టడి చేసి, కడుపునిండా పెట్టండి. ఏ మందు పెట్టారో రైతుని అడిగి పేరు రాసుకుంటే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

కడియం నర్సరీ నుంచి మొక్కలు తెచ్చాం. ప్రమాదమా?

కొన్ని. లిల్లీ జాతి మొక్కల పుప్పొడి ఒంటికి అంటి నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. సైకస్, గన్నేరు కూడా విషమే. పిల్లి ఉన్న ఇంట్లో వీటిని పెట్టకపోవడమే మేలు.

పిల్ల గీరింది, కరిచింది. మనం ఏం చేయాలి?

గాయాన్ని కారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం అద్దొద్దు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఏరియా ఆసుపత్రికో వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి వేసే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు ఇస్తారు. రక్తం వస్తే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని వెంటనే అడ్డుకునే సూది) కూడా వేయాలి. పిల్లిపిల్ల చిన్నదని, ఇంట్లోదని వదిలేయకండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కి మందు లేదు.

ఇంట్లోని చిన్నపిల్లల చేతుల మీద గుండ్రటి తామర మచ్చలు వస్తే పిల్లిని కూడా చూపించండి. మన తేమ వాతావరణంలో ఇది సులువుగా అంటుకుంటుంది.

ఇంట్లో గర్భిణి ఉంది. పిల్లిని వదిలేయమంటున్నారు.

వదిలేయక్కర్లేదు. భయం కడుపులో బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. అది పిల్లి మలంలో బయటికొచ్చాక అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి ఇంకెవరైనా రోజూ మలం తీసేస్తే చాలా ముప్పు తప్పుతుంది. ఇసుక పెట్టె గర్భిణి ముట్టుకోకూడదు, తోటపనికి గ్లవ్స్ వేసుకోవాలి, మాంసం బాగా ఉడికించి తినాలి. సరిగా ఉడకని మాంసంతో కూడా ఇది వస్తుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి.

ఆడపిల్లి ఒక్క ఈతైనా ఈనాక ఆపరేషన్ చేయించమంటున్నారు. నిజమేనా?

ఆ మాటకి ఆధారం లేదు. నాలుగు నెలలకే చూలు కట్టే పిల్లులున్నాయి. చూలు తొమ్మిది వారాలు, ఈనిన కొన్ని వారాలకే మళ్లీ ఎదకొస్తుంది. నాలుగు, ఐదు నెలల మధ్య ఆపరేషన్ చేయిస్తే చాలు. ఆరు నెలల లోపు చేయించిన పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు 90 శాతం తగ్గుతుంది. మగపిల్లికి చేయిస్తే తిరుగుడు, కొట్లాటలు, వాటితో వచ్చే చీము గడ్డలు తగ్గుతాయి. ఇంట్లో మూత్రం చిమ్మడం కూడా తగ్గుతుంది. పుట్టిన పిల్లల్ని సంచిలో కట్టి కాలవగట్టున వదిలేసి రావడం కంటే ఈ చిన్న ఆపరేషన్ ఎంతో మేలు. ఖాళీ కడుపుతో ఎంతసేపు ఉంచాలో డాక్టర్‌నే అడగండి, చిన్న పిల్లల్ని రాత్రంతా పస్తుంచితే నీరసించిపోతాయి.

లంకల్లో ఉంటాం. వరదొస్తే?

జూలై, ఆగస్టుల్లో నీళ్లు పెరుగుతాయని తెలుసు కాబట్టి జూన్‌లోపే టీకాలు పూర్తయ్యేలా చూసుకోండి. పునరావాస కేంద్రాల్లో నాలుగూళ్ల పిల్లులు, కుక్కలు ఒకచోట చేరతాయి. టీకా కార్డు ఫొటో ఫోన్‌లో ఉంచండి, అసలు కార్డు ప్లాస్టిక్ కవర్‌లో. బుట్టని ఇంట్లో ఎప్పుడూ తెరిచి పెట్టి అందులో పడుకోవడం అలవాటు చేస్తే, పడవ ఎక్కే రోజు వెతుక్కునే పని ఉండదు. ఏ పిల్లినీ గదిలో కట్టేసి వెళ్లకండి.

రేపటిదాకా ఆగకూడని లక్షణాలు ఏవి?

పిల్ల సగం రోజు ఏమీ తినకపోవడం, ఆగని వాంతులు లేదా విరేచనాలు, తెల్లబడిన లేదా నీలంగా మారిన చిగుళ్లు, నోరు తెరిచి రొప్పడం, ఒళ్లు చల్లబడటం, ఫిట్స్, మూత్రానికి ముక్కుతూ రాకపోవడం. పిల్లి కుక్కలా నోరు తెరిచి ఆయాసపడటం మామూలు విషయం కాదు. రోహిణి కార్తె ఎండలో అలా కనిపిస్తే చల్లటి చోటికి మార్చి, తడిగుడ్డతో తుడుస్తూ బయలుదేరండి. దగ్గరలో డాక్టర్ లేకపోతే పశువుల హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి అడగండి.

ఏడాది నిండింది. ఇక పనుందా?

బూస్టర్, రేబిస్ టీకా వేయించి, బరువు, పళ్లు చూపించండి. తర్వాత ఏడాదికోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మూడు జబ్బుల టీకా మీ పిల్లికి ఏటా కావాలా, మూడేళ్లకోసారి చాలా అన్నది అది బయట ఎంత తిరుగుతుందో చూసి ఆయన చెబుతారు. రేబిస్‌ది మాత్రం కార్డు మీద ఉన్న తేదీ దాటనివ్వకండి.